ఆరవ దినము

సైన్యమును పంపి యొక దేశమునకు శాశ్వతశాంతిని చేకూర్పవచ్చునా యను ప్రశ్న కృష్ణాతీరవాసులకు పుస్తకములలోని వాదము గాదు. 1948 సెప్టెంబరు 13న మేజర్ జనరల్ రుద్రా నాయకత్వమున భారతసేన బెజవాడ వైపునుండి హైదరాబాదు సంస్థానములో ప్రవేశించినప్పుడు ఆ ప్రశ్న మన బాట మీదనే నడచిపోయినది.

ఆ సేన యేల కదలవలసివచ్చెనో మరువరాదు. 1947 నవంబరున భారతప్రభుత్వమునకును, సంస్థానప్రభువగు నిజామునకును కుదిరిన యథాతథపుటొడంబడిక కాగితముపై నుండగనే, నిజాము పక్షమున నిలిచిన కాశిం రజ్వీ సాయుధానుచరులగు రజాకార్ల దౌర్జన్యములకు తాళలేక, నల్లగొండ, వరంగల్లు మండలముల పల్లెలనుండి కట్టుబట్టలతో సరిహద్దు దాటివచ్చిన కుటుంబములకు బెజవాడ ఆశ్రయమిచ్చెను. ఇంకను ఓర్చుకొనుడని వారితో ననుటకు ఏ ధర్మజ్ఞునకును నోరు రాదు. హింసించు చేతిని బలముచే పట్టి నిలుపవలసిన సమయములు గలవని నేను నిస్సంకోచముగా నంగీకరింతును.

సెప్టెంబరు 17న నిజాము కాల్పుల విరమణను ప్రకటించెను. మరునాడు ఆయన సేనాపతి ఎల్ ఎద్రూస్, షోలాపురము మీదుగా వచ్చిన భారతసేనాని జనరల్ చౌదరికి లొంగిపోయెను. కాని పోలీసు చర్య యనబడిన ఆ దండయాత్ర కాలమునను, తదనంతరమును, ముఖ్యముగా ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు మండలములలో, నిరపరాధులగు ముస్లిములపై ప్రతీకారము చెలరేగెను. విచారణకై పోయిన పండిత సుందరలాల్ సంఘము సంస్థానమంతట హతులైనవారు 27,000 మొదలు 40,000 వరకు నుందురని అంచనా కట్టెను. తెలంగాణమున, పారిపోయిన దొరలు మరలివచ్చి, రైతులు పంచుకొనిన భూములను తిరిగి కోరగా, రజాకార్లనణచిన సేనయే, కమ్యూనిస్టుల నాయకత్వమున సాయుధపోరాటము సాగించుచున్న రైతుదళముల మీదికి తిరిగెను. ఆ పోరు 1951 అక్టోబరు 21 వరకు విరమింపలేదు.

ఆ నేలకు నెమ్మదిని తెచ్చినవి వేరు. 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టము, 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో గాంధీజీ శిష్యుడగు వినోబా భావే యెదుట వెదిరె రామచంద్రారెడ్డి హరిజనులకై యొసగిన నూరెకరములు, 1952 ఎన్నికలలో సాయుధపోరాటనాయకుడగు రావి నారాయణరెడ్డిని నల్లగొండ ప్రజలు లోక్‌సభకు పంపుట—ఇవి యన్నియు అసంపూర్ణములే యైనను, తుపాకితో నడిగిన దానిని చట్టముతోను, వోటుతోను అడుగుటకు వీలు కల్పించినవి.

నిజాము సేనను లొంగదీయుటకు ఐదు దినములు చాలినవి. పోచంపల్లి నూరెకరములకై రెండున్నరయేండ్లకు మించి కాలము పట్టినది. కనుక పరదేశమునకు సేనను పంపబూనిన ప్రతి ప్రభుత్వమును, ఆరవ దినమున ఇల్లు చేరు కాందిశీకునకు తన పొలమును, ఓడినవాని బిడ్డకు తన ప్రాణమును ఎవరు కాతురని ముందుగనే యడుగవలెను. ఆ రెంటికిని బదులు లేని విజయము మరియొక యుద్ధమునకు విత్తనము.