ఆటశాల చెంత అన్నపానములు

ఒక నగరముయొక్క యాచారవ్యవహారముల నెఱుఁగఁగోరువారు దాని దేవాలయములను, గ్రంథాలయములను, న్యాయస్థానములను జూచినంతమాత్రమునఁ జాలదు. వేలకొలఁది జనులు గుమిగూడు నాటశాలయొద్దకుఁ బోయి, ఆట ముగిసిన పిమ్మట నాజనము ఆఁకలిదప్పులు తీర్చుకొనుట కెచ్చటికిఁ బోవుచున్నదో కూడఁ జూడవలయును. అక్కడ నెవరు కూర్చుండవచ్చునో, ఎవరు కూర్చుండరాదో, ఏది యమ్మవచ్చునో, ఏది యమ్మరాదో నిర్ణయించిన చట్టములలో నాసంఘముయొక్క మనస్సు స్పష్టముగాఁ గానవచ్చును. కెనడా దేశమున టొరాంటో నగరమందలి మేపిల్ లీఫ్ గార్డెన్సు అను హాకీశాల చరిత్ర యిందులకు మంచి నిదర్శనము.

హాకీ యనఁగా మనకుఁ బచ్చికమైదానము స్ఫురించును. కెనడావారి హాకీ మంచుగడ్డపై నాడునది. పక్షమునకు ఆఱుగురు చొప్పున, ఉక్కు అలుగులు గల జోళ్లు తొడిగికొని, బంతికి బదులు నల్లని రబ్బరుబిళ్లను కఱ్ఱలతోఁ గొట్టుదురు. ఆట 20 నిమిషముల చొప్పున మూఁడు భాగములుగా సాగును. నడుమ రెండు విరామము లుండును. ఈ విరామములును, ఆటకు ముందువెనుకల గడియలును అన్నపానముల వర్తకమునకుఁ బట్టుగొమ్మలు.

కార్ల్టన్ వీధిలోని యీభవనమును గట్టించినవాఁడు కాన్ స్మైత్. 1931 జూన్ 1వ తేదీని పని ప్రారంభమై, నవంబరు 12వ తేదీని తొలి యాట జరిగెను. అది వర్తకములు కుంటుపడి, పనివారు దిక్కుతోఁచక యున్న కాలము. కూలిలోఁ గొంతభాగమును గంపెనీవాటాలుగాఁ బుచ్చుకొనుటకుఁ బనివారు సమ్మతించుట యాకట్టడమునకు గొప్ప యూఁతయయ్యెను. తొలిరాత్రి 13 వేలకు మించిన జనము వచ్చిరి. చికాగోజట్టు 2-1 గా గెలిచి యూరివారిని నిరాశపఱచెను. ఆ వచ్చినవారిలో ధనికుఁడు గాని, పేద గాని, చుట్టుపట్ల నేభోజనశాలలోఁ గూర్చుండియైనఁ జట్టసమ్మతముగా నొక గ్లాసు ద్రాక్షసారాయి పుచ్చుకొనుటకు వీలులేకుండెను.

దీనికి మూలము 1916 నాఁటి యాంటారియో మద్యనిషేధశాసనము. మొదటి ప్రపంచయుద్ధకాలమునఁ బుట్టిన యీశాసనమునకు వెనుక మెథడిస్టులు మొదలగు క్రైస్తవసంఘములును, త్రాగుఁబోతు భర్తలవలనఁ గష్టపడిన యిల్లాండ్ర పక్షమునఁ బనిచేసిన మహిళాసమాజములును నుండెను. 1925లోఁ బలుచని బీరునకు మాత్ర మనుమతి దొరకినది. నాఁటి ప్రధాని ఫెర్గూసన్ పేర జనులు దానిని 'ఫెర్గీ నురుఁగు' అని యెగతాళి చేసిరి. 1927లో నిషేధము రద్దయ్యెను గాని, ప్రభుత్వమే దుకాణములు పెట్టి, అనుమతిపత్రము గలవారికి మాత్రమే సీసాల నమ్మించుచుండెను. కొన్నవాఁడు దాని నింటికిఁ గొనిపోయి త్రాగవలయును; నలుగురిలోఁ గూడదు. కావున శీతకాలపు టాటకు వచ్చినవారిలోఁ గొందఱకుఁ గోటుజేబులో దాఁచిన చిన్న సీసాయే పానశాల.

ఇంత కట్టుదిట్టము చేసిన సంస్కర్తలు తక్కిన సగముపనియుఁ జేసిరా? ఆటశాలకుఁ బడమరగాఁ గొద్దిదూరము నడచినచో యంగ్ వీధిమూల ఈటను కంపెనీవారి గొప్ప యంగడి యుండెను. హాకీశాలకు నేల యమ్మినవారును వీరే. కంపెనీస్థాపకుఁడగు టిమొతీ ఈటన్ మెథడిస్టు; ఆతని యంగళ్లలో మద్యమునకుఁ, బొగాకునకుఁ జోటులేదు. ఈ యంగడి యేడవయంతస్తున 1931లో ఫ్రెంచి శిల్పి జాక్ కార్లూ కల్పనలో నొక గుండ్రని భోజనశాల వెలసినది. ఈటనువారి భోజనశాలల నాకాలమున నడపినది ఆహారశాస్త్రము నభ్యసించిన వయొలెట్ రైలీ యను విదుషి. అట్టిచోట స్త్రీలు మగతోడు లేకయే వచ్చి, నిశ్చింతగా భుజించి పోవచ్చును. మద్యములేని యుల్లాసము సాధ్యమని యాశాల చూపెను. కాని యది కొనుగోళ్లకు వచ్చు మధ్యతరగతి గృహిణులకై యేర్పడినది. రాత్రివేళ ఆట చూచి చలిలోనికి వచ్చిపడు కూలివానికై యేర్పడినది కాదు.

1934లోఁ జట్టము మఱల మాఱెను. హోటళ్ల భోజనశాలలలో నన్నముతోఁ గూడ బీరును, ద్రాక్షసారాయియు, ప్రత్యేకపానశాలలలో బీరును అమ్మవచ్చుననిరి. ఈ పానశాలల నిబంధనలను జదివినకొలఁది మాకాశ్చర్యము గలిగినది. త్రాగువాఁడు కూర్చుండియే త్రాగవలయును, గ్లాసు చేతఁబట్టుకొని యొక బల్లనుండి మఱియొక బల్లకుఁ బోరాదు, పాట పాడరాదు. కొలఁదికాలములోనే స్త్రీలకు వేఱుగది, వేఱుద్వారము నేర్పడినవి. ఆద్వారముపై 'స్త్రీలు, వారితోడి పురుషులు' అని వ్రాసియుండెడిది. ఒంటరిపురుషుఁ డాగదిలోనికిఁ బోరాదు. స్త్రీ పురుషులగదిలోనికి రారాదు. ఈ వేర్పాటు 1970 ప్రాంతమువఱకును సాగినది.

మేము మద్యపానమును ద్వేషించువారమే. ఈచరిత్రను జదువుటవలన మా ద్వేషము తగ్గలేదు. కాని యొక్కమాట యొప్పుకొనక తప్పదు. అన్నము, పాట, నలుగురితో సల్లాపము, ఇంటివారి తోడు - ఇవి మనుజుని మితమున నిలుపు సాధనములు. వీనిని బానశాలనుండి వెడలఁగొట్టిన పిదప నక్కడ మిగులునది పానమొక్కటే. సభ్యతను గాపాడఁబూనిన నిబంధన సభ్యతకుఁ బ్రాపైనవానినే నఱికినది. చట్టము చేసినవారు చెడ్డవారు కారు. త్రాగువానిని జూచిరి గాని, వాఁడు త్రాగకున్నచో నాసాయంకాల మెచ్చటఁ గూర్చుండునో చూడరైరి. 1947లో వచ్చిన కొత్తశాసనమువలన నీకఠినత కొంత సడలినది. యంగ్ వీధిలో సిల్వర్ రెయిల్ వంటి శాలలు వెలసి, స్త్రీపురుషులు కలిసి కూర్చుండి భుజించుటయుఁ, ద్రాగుటయు సాగెను. అది 1998లో మూఁతపడినది.

మద్యమే సకలదోషములకు మూలమని తలఁచువారు 1965 నాఁటి కథ యొకటి వినవలయును. ఆగస్టు 17వ తేదీని బీటిల్సు అను నాంగ్లగాయకులు గార్డెన్సులోఁ బాడిరి. అప్పటి యజమానులలో నొకఁడైన హెరల్డ్ బల్లార్డ్, వేసవియుక్కలో భవనమును మఱింత వేఁడిచేయించి, మంచినీటి కుళాయిలను గట్టివేయించి, శీతలపానీయముల నమ్మించెనని యాతని చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. దప్పిగొన్నవానికి నీరు పోయువానిని మన మెఱుఁగుదుము. దప్పి పుట్టించి యమ్మువానిని గూర్చి వినుట యరుదు. వేసవిలోఁ జలిపందిరి వేయించుట పుణ్యమని యెంచు మనకీకథ ములుకువలె నాటును. అందు మద్యము చుక్కయైన లేదు. కాని పరుల దుర్బలతను సొమ్ముచేసికొను గుణము కల్లుపాక యజమానికంటెఁ దక్కువగా లేదు.

1999 ఫిబ్రవరి 13వ తేదీని మేపిల్ లీఫ్ జట్టు ఆశాలలోఁ దన చివరి యాట యాడి, రైలుస్టేషనుదాపున నున్న కొత్తశాలకుఁ దరలిపోయెను. పాతభవనమును 2004లో లాబ్లాస్ అను కిరాణావర్తకులు కొనిరి. 2011 నవంబరున దాని క్రిందియంతస్తున వారి యంగడి తెఱవఁబడెను. 2012లోఁ బైభాగమున నొక విశ్వవిద్యాలయమువారు వ్యాయామశాలను, మంచుమైదానమును నెలకొల్పిరి. కనుక పిల్ల లిప్పటికి నాకప్పుక్రిందనే హాకీ యాడుచున్నారు. క్రింద నంగడిలోఁ బూర్వపు మైదానమధ్యబిందువున్నచోట నేలపై నొక యెఱ్ఱనిచుక్క పెట్టియున్నారు. కూరగాయలు, రొట్టె, పాలు కొనవచ్చిన యిల్లాండ్రు సరకులబండ్లను దానిమీఁదుగాఁ దోసికొని పోవుచుందురు. ఏద్వారమునఁ బ్రవేశింపవలయునని వారి నెవరును నడుగరు.

శతాబ్దకాలములో నొక్క వీధిచుట్టు జరిగిన యీమార్పులు కేవలము తిండితీర్థముల కథ కాదు. నిషేధించుట సులభము, దానికి బదులుగా మేలైనదానిని గల్పించుట కష్టము, వ్యయసాధ్యము. మొదటిదానితోఁ దృప్తిపడిన సంస్కారము జేబులోని సీసాను, గోడలోని రెండవద్వారమును మాత్రమే మిగిల్చినది. సంఘక్షేమమునకుఁ బూనిన మన సోదరులును, సోదరీమణులును ఒక తలుపు మూయుటకుముందు, ఏతలుపు తెఱవవలయునో యోచింతురుగాక.