మిడతలు – వాటి గుర్తింపు

హైదరాబాదు నగరానికి తూర్పున ఉన్న ఉప్పల్, నాచారం ప్రాంతాలలో, ఇళ్ళ నడుమ మిగిలిన బీడు స్థలాలలో జిల్లేడు పొదలు పెరుగుతూ ఉంటవి. అటువంటి పొదపై పసుపు, నీలి చారల మిడత కనిపిస్తే ఈనాటి విద్యార్థి వెంటనే ఫోనుతో ఫోటో తీస్తాడు. ఆ ఫోటోను చూచి అది ఏ జాతి మిడతో చెప్పగలమా? ఈ ప్రశ్న వెనుక రెండున్నర శతాబ్దాల చరిత్ర ఉన్నది.

జిల్లేడు మిడతకు 1775 లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఫాబ్రీషియస్ 'పిక్టస్' అని పేరు పెట్టాడు. రంగులు పూసినది అని దాని అర్థం. ఎడారి మిడతను వర్ణించినవాడు ఫోర్‌స్కాల్. ఆయన 1763 లో యెమెన్ దేశంలో మరణించాడు. ఆయన గ్రంథం కూడా 1775 లోనే వెలువడింది. ఆయన ఇచ్చిన పేరు 'గ్రిగేరియా', అనగా మందగా బ్రతికేది. ఇద్దరూ లిన్నేయస్ శిష్యులే. ఒకరు రంగునుబట్టి, మరొకరు నడవడినిబట్టి పేరు పెట్టడం గమనించదగినది.

అయితే రంగు నమ్మదగిన సాక్షి కాదు. అంతవరకు రెండు వేరు జాతులుగా ఎంచిన వలస మిడతలు నిజానికి ఒకే జాతి అని 1921 లో ఉవరోవ్ నిరూపించాడు. ఒంటరిగా పెరిగితే ఒక రూపం, గుంపుగా పెరిగితే మరొక రూపం! ఎడారి మిడత సంగతీ అంతే. దాని పిల్లలు ఒంటరిగా పెరిగితే ఆకుపచ్చగా ఉంటవి. గుంపులో పెరిగితే పసుపు మీద నల్ల మచ్చలు తేలుతవి. జిల్లేడు మిడత పిల్లలు కూడా పసుపురంగుపై నల్ల మచ్చలతోనే ఉంటవి. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

2020 లో ఈ చిక్కు ప్రజలకు అనుభవమైంది. ఆ సంవత్సరం మే నెలలో ఎడారి మిడతల దండు మహారాష్ట్రలోని విదర్భ వరకు వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం సరిహద్దు జిల్లాలను హెచ్చరించింది. ఆ రోజులలోనే అనంతపురం జిల్లా రాయదుర్గంలో జిల్లేడు చెట్టుపై గుంపుగా వాలిన మిడతలను చూచి జనం బెదిరిపోయారు. భయపడడం సహజమే. చదరపు కిలోమీటరు దండులో 4 నుండి 8 కోట్ల మిడతలు ఉండవచ్చు. అవి ఒక్కరోజులో 35,000 మంది తినేటంత పైరును తినివేయగలవు. కాని రాయదుర్గంలో కనిపించినవి ఎడారి మిడతలు కావని తేలింది. తెలుగులో రెంటికీ 'మిడత' అన్న పేరే ఉండడం కూడా ఈ కలవరానికి తోడ్పడింది.

పూర్వపు శాస్త్రజ్ఞులు సూదికి గుచ్చి ఎండబెట్టిన కీటకాలను పరిశీలించేవారు. ఎండిన కీటకానికి రంగు వెలిసిపోతుంది, ఆకారం నిలుస్తుంది. అందువలన వారు తల వాలు, రెక్కల పొడవు, ముందుకాళ్ళ నడుమనున్న చిన్న మొటిమ వంటివి చూచేవారు. ఫోటోలో ఇది తారుమారు. రంగు నిలుస్తుంది; అడుగుభాగం కనిపించదు.

కాబట్టి ఒక్క ఫోటో చాలదు. ప్రక్కనుండి ఒకటి, తలపైనుండి ఒకటి, అది వాలిన మొక్కతో ఒకటి తీయాలి. జిల్లేడు మిడత తల ముందుకు కోసుగా వాలి ఉంటుంది. ఎడారి మిడత ముఖం మొద్దుగా, నిటారుగా ఉంటుంది. తేదీ, స్థలం కూడా వ్రాసి ఉంచాలి.

పేరు తప్పితే నిరపాయమైన పురుగుపై విషం చల్లుతాము. లేదా దండు నిజంగా వచ్చిననాడు ఏమరుపాటున ఉంటాము. పేరు సరిగా చెప్పడమే పైరును కాపాడడంలో మొదటి మెట్టు. ఉప్పల్ బడిపిల్లలకైనా, రాయదుర్గం రైతుకైనా ఈ పాఠం ఒక్కటే.