నడపని స్పోర్ట్స్ కారు - పునర్విక్రయ విలువ

స్పోర్ట్స్ కారును కొన్న తరువాత దానిని రోడ్డు మీద నడపకుండా, లేదా నామమాత్రంగా నడిపి, గ్యారేజీలో భద్రపరచి, కొన్ని సంవత్సరాల తరువాత ఎక్కువ ధరకు అమ్మాలనుకొనే పద్ధతి 1970ల నుండి అమెరికా, ఐరోపా, జపాన్ దేశాలలోని కార్ల సేకర్తలలో కనిపిస్తున్నది. తయారీదారు నుండి కొన్నవారికి చేరేసరికి తిరిగిన కొద్ది దూరం మాత్రమే ఓడోమీటరులో కనిపించే ఇటువంటి కార్లను "డెలివరీ మైలేజీ కార్లు" అని వ్యవహరిస్తారు.

నడపకుండా ఉంచితే కారు విలువ నిలుస్తుందా అనే ప్రశ్నకు అన్ని కార్లకూ వర్తించే సమాధానం లేదు. చాలా తక్కువ సంఖ్యలో తయారై, చాలా మంది కోరుకునే నమూనాలకు తక్కువ మైలేజీ అదనపు విలువను ఇస్తుంది. విరివిగా తయారైన కార్లు మాత్రం నడపకపోయినా వయస్సు కారణంగా విలువను కోల్పోతాయి. పైగా నిల్వ ఖర్చులు యజమాని మీద పడతాయి.

తరుగుదల స్వభావం

కారు విలువ తగ్గడానికి రెండు ప్రధాన కారణాలున్నాయి. ఒకటి వాడకం, రెండవది వయస్సు. నడపకపోవడం వలన మొదటి కారణం మాత్రమే తొలగుతుంది. కొత్త నమూనాలు రావడం, సాంకేతిక పరిజ్ఞానం మారడం, విడిభాగాలు దొరకకపోవడం, వారంటీ గడువు ముగియడం వంటివి కారు తిరిగినా తిరగకపోయినా జరిగేవే. వారంటీని సాధారణంగా సంవత్సరాలలోను, కిలోమీటర్లలోను చెబుతారు. వీటిలో ఏది ముందు పూర్తయితే దానితో వారంటీ ముగుస్తుంది. కాబట్టి షెడ్డులో ఉన్న కారుకు కూడా వారంటీ గడిచిపోతూనే ఉంటుంది.

భారతదేశంలో బీమా నిమిత్తం కారు విలువను నిర్ణయించే విధానం దీనికి మంచి ఉదాహరణ. 2002 నాటి భారతీయ మోటారు టారిఫ్‌లోని పట్టిక ప్రకారం ఐ.డి.వి. అనబడే బీమా విలువను లెక్కించేటప్పుడు తయారీదారు ప్రకటించిన ధర నుండి ఈ క్రింది విధంగా తరుగుదలను తీసివేస్తారు.

* 6 నెలల లోపు - 5%
* 6 నెలల నుండి 1 సంవత్సరం - 15%
* 1 నుండి 2 సంవత్సరాలు - 20%
* 2 నుండి 3 సంవత్సరాలు - 30%
* 3 నుండి 4 సంవత్సరాలు - 40%
* 4 నుండి 5 సంవత్సరాలు - 50%

ఈ పట్టికలో కిలోమీటర్ల ప్రసక్తి లేదు. 5,000 కి.మీ. తిరిగిన కారుకు, 50,000 కి.మీ. తిరిగిన కారుకు వయస్సు ఒకటే అయితే తరుగుదల కూడా ఒకటే. సొంత వాడకపు కార్ల రిజిస్ట్రేషను గడువును (15 సంవత్సరాలు) కూడా కాలాన్ని బట్టే లెక్కిస్తారు. అయితే ఇది బీమా లెక్క మాత్రమే. కొనేవారు అసలు బేరంలో తిరిగిన దూరాన్ని కూడా చూస్తారు.

తక్కువ మైలేజీకి ఎక్కువ ధర రావడానికి కారణాలు

సేకర్తలు ఒక కారులో ముఖ్యంగా కోరేది అది కర్మాగారం నుండి వచ్చిన స్థితిలో ఉండటం. మొదటి రంగు, మొదటి తోలు సీట్లు, మొదటి గాజు పలకలు, కారుతో పాటు ఇచ్చిన పనిముట్ల పెట్టె, పుస్తకాలు అన్నీ ఉన్న కారు దొరకడం కష్టం. దెబ్బతిన్న కారును బాగు చేయించవచ్చు కాని మార్చిన భాగాన్ని మళ్ళీ మొదటి భాగంగా చేయడం సాధ్యం కాదు.

బ్రిటన్‌కు చెందిన మెక్‌లారెన్ సంస్థ 1992 - 1998 మధ్య తయారు చేసిన మెక్‌లారెన్ ఎఫ్1 ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. గోర్డన్ ముర్రే రూపొందించిన ఈ కార్లు, నమూనాలు, పందెపు కార్లతో కలిపి మొత్తం 106 మాత్రమే తయారయ్యాయి. వీటిలో మొదట జపాన్‌కు వెళ్ళిన ఒక కారు కేవలం 242 మైళ్ళు (సుమారు 390 కి.మీ.) తిరిగి, 2021 ఆగస్టులో కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్ వేలంలో 2 కోట్ల 4 లక్షల 65 వేల డాలర్లకు అమ్ముడయింది.

అంచనాలు తప్పిన సందర్భాలు

కార్వెట్ పేస్ కారు (1978)

షెవ్రొలే సంస్థ తన కార్వెట్ స్పోర్ట్స్ కారు 25వ సంవత్సరంలో, ఇండియానాపొలిస్ 500 పందేనికి ముందు నడిచే "పేస్ కారు"ను పోలిన ప్రత్యేక నమూనాను నలుపు, వెండి రంగులలో విడుదల చేసింది. ప్రకటిత ధర 13,653 డాలర్లు. మొదట కొద్ది సంఖ్యలోనే తయారు చేస్తారనుకున్నా, చివరికి ఒక్కొక్క డీలరుకు ఒకటి చొప్పున లెక్కవేసి 6,502 కార్లు తయారు చేశారు. వీటి కోసం జనం ఎగబడుతున్నారని 1978 మార్చిలో వాల్‌స్ట్రీట్ జర్నల్ పత్రిక మొదటి పుటలో వార్త వచ్చింది. చాలా మంది ప్రకటిత ధర కంటే ఎంతో ఎక్కువ చెల్లించి కొని, సీట్ల మీది ప్లాస్టిక్ తొడుగులు కూడా తీయకుండా గ్యారేజీలలో దాచారు.

అందరూ దాచినందువలన, దాచిన కారు అరుదైన వస్తువు కాలేకపోయింది. అమెరికా వినియోగదారుల ధరల సూచీ ప్రకారం 1978 నాటి 13,653 డాలర్లు 2020 నాటి సుమారు 54,000 డాలర్లతో సమానం. మంచి స్థితిలో ఉన్న అనేక పేస్ కార్లు దశాబ్దాల తరువాత కూడా ఇంతకంటే తక్కువకే అమ్ముడయ్యాయి. అంటే చేతికి వచ్చిన డాలర్లు ఎక్కువగా కనిపించినా, వాటి కొనుగోలు శక్తి పెట్టిన సొమ్ము కంటే తక్కువ.

కాడిలాక్ ఎల్డొరాడో (1976)

ఇది స్పోర్ట్స్ కారు కాకపోయినా ఇదే కోవకు చెందిన ఉదాహరణ. అమెరికాలో తయారయ్యే చివరి మడత టాపు కారు ఇదేనని ప్రచారం జరగడంతో, ఆ సంవత్సరం తయారైన 14,000 కార్లలో చాలా వాటిని భవిష్యత్తులో లాభం కోసం కొన్నారు. కాని 1984లో కాడిలాక్ సంస్థే మళ్ళీ మడత టాపు ఎల్డొరాడోను విడుదల చేసింది. "చివరిది" అన్న పేరు మీద ఆధారపడిన ఆశలు దానితో దెబ్బతిన్నాయి.

అంచనా ఫలించిన సందర్భం

1987లో బ్యూక్ సంస్థ జి.ఎన్.ఎక్స్. అనే నమూనాను 547 కార్లకే పరిమితం చేసింది. కొత్తగా ఉన్నప్పుడు ధర సుమారు 30,000 డాలర్లు. దీనిని కూడా కొందరు నడపకుండా దాచారు. అయితే అతి తక్కువ మైలేజీ గల కార్లు తరువాతి కాలంలో 2 లక్షల డాలర్లకు పైగా అమ్ముడయిన సందర్భాలున్నాయి. కార్వెట్ పేస్ కారుతో పోలిస్తే దీని సంఖ్య సుమారు పన్నెండవ వంతు మాత్రమే. పైగా తన కాలపు అమెరికా కార్లలో అత్యంత వేగంగా పుంజుకొనే వాటిలో ఇది ఒకటి. దాచడం రెండు చోట్లా జరిగింది. ధరలో తేడా తెచ్చినవి సంఖ్య, గిరాకీ.

నడిపిన కార్ల విలువ

ప్రపంచంలో అత్యధిక ధర పలికిన కార్లను పరిశీలిస్తే అవి నడపకుండా దాచినవి కావు. 1962 - 1964 మధ్య 36 మాత్రమే తయారైన ఫెరారి 250 జి.టి.ఓ. కార్లను పందేలలో పరుగెత్తించడానికే నిర్మించారు. అలా పందేలలో పాల్గొన్న ఒక కారు 2018 ఆగస్టులో 4 కోట్ల 84 లక్షల డాలర్లకు వేలంలో అమ్ముడయింది. 2022 మేలో జర్మనీలోని స్టట్‌గార్ట్ నగరంలో 13 కోట్ల 50 లక్షల యూరోలకు అమ్ముడయిన మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్.ఎల్.ఆర్. కూపే తయారైనవి రెండే. వాటిని రూపొందించిన ఇంజనీరు రుడాల్ఫ్ ఊలెన్‌హౌట్ ఒకదానిని స్వయంగా రోడ్ల మీద నడిపేవాడు. ఇటువంటి కార్లకు వాటి చరిత్రే విలువ.

మెక్‌లారెన్ ఎఫ్1లోనే దీనికి మరొక ఉదాహరణ ఉంది. "మిస్టర్ బీన్" పాత్రధారి, బ్రిటిష్ నటుడు రోవన్ అట్కిన్సన్ 1997లో ఈ కారును కొని సుమారు 41,000 మైళ్ళు (66,000 కి.మీ.) నడిపాడు. కారు రెండుసార్లు ప్రమాదానికి గురయింది. 2011 ప్రమాదం తరువాత మరమ్మతుకు బీమా సంస్థకు 9 లక్షల పౌండ్లకు పైగా ఖర్చయిందని వార్తలు వచ్చాయి. అయినా 2015లో ఆ కారు సుమారు 80 లక్షల పౌండ్లకు అమ్ముడయినట్లు పత్రికలు వ్రాశాయి. 1990లలో దాని కొత్త ధర 5 లక్షల పౌండ్లకు పైచిలుకు. ఈ విక్రయానికి, పెబుల్ బీచ్ విక్రయానికి మధ్య ఆరు సంవత్సరాల వ్యవధి ఉన్నందున రెండు ధరలను నేరుగా పోల్చరాదు. అయినా ఒక విషయం స్పష్టం. తక్కువ మైలేజీ విలువకు అదనంగా చేరుతుందే కాని, విలువకు మూలం మాత్రం ఆ నమూనా దుర్లభత.

నిల్వలో కలిగే నష్టాలు

నడపని కారు చెడిపోదనే అభిప్రాయం సరికాదు. యంత్రభాగాలు చాలా వరకు కదలిక కోసం నిర్మించినవి. కదలిక లేనప్పుడు ఈ క్రింది మార్పులు కలుగుతాయి.

* '''టైర్లు:''' ఒకే చోట బరువు మోయడం వలన అడుగు భాగం చదునవుతుంది. రబ్బరు కాలక్రమంలో గట్టిపడి పగుళ్ళు తీస్తుంది. టైరు పక్కన ముద్రించిన నాలుగు అంకెలు అది తయారైన వారాన్ని, సంవత్సరాన్ని తెలుపుతాయి. గాళ్ళు అరగకపోయినా, 10 సంవత్సరాలు దాటిన టైర్లను మార్చాలని పలు తయారీదారుల సలహా.
* '''పెట్రోలు:''' నిల్వ ఉన్న పెట్రోలు జిగురుగా మారి ఇంజెక్టర్లకు అడ్డుపడుతుంది. ఇథనాలు కలిసిన పెట్రోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది.
* '''బ్రేకులు, క్లచ్చి:''' బ్రేకు ద్రవం తేమను పీల్చుకొని లోపలి లోహాన్ని తుప్పు పట్టిస్తుంది. క్లచ్చి పలక ఫ్లైవీలుకు అంటుకుపోవచ్చు.
* '''బ్యాటరీ:''' కారు ఆపి ఉన్నా గడియారం, అలారం వంటివి విద్యుత్తును వాడుతూనే ఉంటాయి. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీ పలకలు శాశ్వతంగా దెబ్బతింటాయి.
* '''రబ్బరు సీళ్ళు, బెల్టులు:''' నూనె తగలక ఎండి, కారడం మొదలవుతుంది. 1994లో విడుదలైన ఫెరారి ఎఫ్355 కారులో టైమింగ్ బెల్టు మార్చడానికి ఇంజనునే కిందికి దించవలసి ఉంటుంది. ఈ పనిని దూరంతో పాటు సంవత్సరాల లెక్కన కూడా చేయించాలి.
* '''ఇంధన సంచులు:''' ఫెరారి ఎఫ్40 వంటి కార్లలో పెట్రోలు టాంకీ లోపల ఉండే రబ్బరు సంచులకు కాలపరిమితి ఉంటుంది. కారు ఒక్క మైలు తిరగకపోయినా గడువు తీరగానే వాటిని మార్చాలి.
* '''ఎలుకలు:''' తీగల పైతొడుగును, సీట్ల నురుగును కొరుకుతాయి.

టల్సా నగరపు ప్లిమత్ కారు

నిల్వలోని ప్రమాదానికి అమెరికాలో అందరూ చెప్పుకొనే ఉదాహరణ ఇది. ఓక్లహామా రాష్ట్రం ఏర్పడి 50 సంవత్సరాలయిన సందర్భంగా 1957 జూన్ 15న టల్సా నగరంలో ఒక సరికొత్త ప్లిమత్ బెల్వెడేర్ కారును కాంక్రీటు గదిలో భూస్థాపితం చేశారు. యాభై ఏళ్ళ తరువాత పెట్రోలు దొరుకుతుందో లేదో అని కొంత పెట్రోలు, నూనె కూడా పక్కనే ఉంచారు. 2007 జూన్ 15న వేల మంది సమక్షంలో వెలికి తీయగా గదిలోకి నీరు చేరి కారు పూర్తిగా తుప్పుపట్టి కనిపించింది. దాదాపు ఏమాత్రం తిరగని ఆ కారును నడిపే స్థితికి తీసుకురావడం సాధ్యం కాలేదు.

సరైన నిల్వ పద్ధతి

నిల్వ చేయదలచినవారు గదిలో గాలి తేమను సుమారు 50% దగ్గర స్థిరంగా ఉంచాలని, బ్యాటరీకి సన్నని ఛార్జింగు ఇచ్చే పరికరాన్ని అమర్చాలని, టైర్లలో తగినంత గాలి నింపి అప్పుడప్పుడు కారును కొద్దిగా జరపాలని నిపుణులు సూచిస్తారు. ఇంజనును రెండు నిముషాలు నడిపి ఆపివేయడం మేలు కన్నా కీడే చేస్తుంది. ఇంజను పూర్తిగా వేడెక్కనందున లోపల ఏర్పడిన నీటి ఆవిరి ఆరిపోక నూనెలోను, పొగగొట్టంలోను మిగులుతుంది. నడిపితే పూర్తిగా వేడెక్కేవరకు నడపాలి. ప్రతి సంవత్సరం చేయించిన సర్వీసు రసీదులను భద్రపరచడం కూడా ముఖ్యం. తక్కువ మైలేజీ ఉన్నా సర్వీసు చరిత్ర లేని కారుకు మరమ్మతు ఖర్చును ముందే తగ్గించి బేరమాడతారు.

లాభనష్టాల లెక్క

కొన్న ధర కన్నా అమ్మిన ధర ఎక్కువైనంత మాత్రాన లాభం వచ్చినట్లు కాదు. అర్థశాస్త్రంలో అవకాశ వ్యయం అనబడే దానిని కూడా లెక్కించాలి. ఉదాహరణకు ఒక వ్యక్తి కోటి రూపాయలతో కారు కొని 10 సంవత్సరాలు నడపకుండా ఉంచాడనుకుందాం. అదే సొమ్ము 7% చక్రవడ్డీకి ఉంటే సుమారు 1 కోటి 97 లక్షలు అవుతుంది. బీమా, స్థలం, సర్వీసులకు ఏటా 2 లక్షలు ఖర్చయితే, ఆ సొమ్ము కూడా అదే వడ్డీతో సుమారు 27 లక్షల 60 వేలు అవుతుంది. అంటే కారు సుమారు 2 కోట్ల 24 లక్షలకు అమ్ముడయితేనే పెట్టుబడి గిట్టుబాటు అవుతుంది. వేలం సంస్థ కమిషను, పన్నులు దీనికి అదనం.

అమ్మే సమయం కూడా యజమాని చేతిలో ఉండదు. 1988 ఆగస్టు 14న ఫెరారి సంస్థాపకుడు ఎంజో ఫెరారి మరణించిన తరువాత ఆ సంస్థ కార్ల ధరలు విపరీతంగా పెరిగాయి. ఎఫ్40 కార్లు ప్రకటిత ధరకు కొన్ని రెట్లు పలికాయి. 1990ల ఆరంభంలో ఆర్థిక మాంద్యం రాగానే ఈ ధరలు కూలిపోయాయి. అప్పు చేసి కొన్నవారు నష్టపోయారు. ఆ ధరలు మళ్ళీ కోలుకోవడానికి చాలా సంవత్సరాలు పట్టింది.

నడపకపోవడంలోని చిక్కు

డెలివరీ మైలేజీ కారు యజమానికి ఒక ప్రత్యేక సమస్య ఉంది. దాని అదనపు విలువ అంతా ఓడోమీటరులోని చిన్న అంకె మీద ఆధారపడి ఉన్నందున, నడిపిన ప్రతి మైలుకు అది కొంత తగ్గుతుంది. 40,000 మైళ్ళు తిరిగిన కారుకు మరొక 500 మైళ్ళు లెక్కలోనివి కావు. 200 మైళ్ళు తిరిగిన కారుకు అవే 500 మైళ్ళు దాని ప్రత్యేకతనే పోగొడతాయి. ఇందువలన కొన్నవారు నడపలేరు, వారి నుండి కొన్నవారూ నడపలేరు. ఈ కారణంగా చాలా మంది సేకర్తలు ఏడాదికి కొన్ని వందల మైళ్ళు నడుపుతూ, సర్వీసు సక్రమంగా చేయిస్తూ ఉండే మధ్యేమార్గాన్ని అనుసరిస్తారు. దీనివలన అత్యధిక ధర రాకపోవచ్చు కాని కారు పనిచేసే స్థితిలో ఉంటుంది, దానిని కొన్న ప్రయోజనం కూడా నెరవేరుతుంది.

ఇవి కూడా చూడండి

* తరుగుదల
* అవకాశ వ్యయం
* వేలంపాట
* తుప్పు