గవదలు, గండమాల: మదనపల్లె సీమలో మెడవాపుల చరిత్ర

చెవి కింద, దవడ వంపులో లేచే వాపులన్నీ ఒకే జబ్బు కావు. లాలాజలం ఊరే మూడు జతల పెద్ద గ్రంథుల్లో చెవి దగ్గరి జతకు వైరస్ సోకితే గవదబిళ్లలు. ముసలితనంలోనో, ఆపరేషన్ తర్వాతో ఒంట్లో నీరు తగ్గి నోరెండిపోతే, స్టెఫిలోకాకస్ బాక్టీరియా నాళం గుండా ఎగబాకి అదే గ్రంథికి చీము పట్టిస్తుంది. దవడ కింది గ్రంథి నాళంలో రాయి అడ్డుపడితే అన్నానికి కూర్చోగానే వాపు, నొప్పి. క్షయ ఈ గ్రంథులకు సోకడం అరుదు. మెడలోని లింఫు గ్రంథులకు మాత్రం తరచుగా సోకుతుంది. అదే గండమాల.

జనం ఎక్కువగా ఎరిగినవి గవదలే. తుంపర్లతో ఒక పిల్లవాడి నుంచి మరొకడికి అంటుకునే ఈ జబ్బుకు తెలుగిళ్లలో పసుపు పట్టు వేసేవారు. కుప్పం సరిహద్దు దాటితే, తమిళనాట, మెడలో బంగారు గొలుసు వేసేవారు. వాపు వారం పది రోజుల్లో తనంతట తానే తీస్తుంది కనుక పేరు మాత్రం పసుపుకూ బంగారానికీ దక్కింది. కొందరికి వచ్చే వృషణాల వాపును, మెదడు పొరల వాపును, చెవుడును అవి ఆపలేవు. వైరసే కారణమని 1934లో అమెరికాలో జాన్సన్, గుడ్‌పాస్చర్ తేల్చారు. 1967లో అక్కడే మేలైన టీకా వచ్చింది.

గండమాల అంత తేలిగ్గా వదలదు. నెలల తరబడి పెరిగి, చితికి, రసి కారుతుంది. దాని మూలమైన క్షయ మీదే మదనపల్లె పేరు దేశమంతా తెలిసింది. 1912లో క్రైస్తవ మిషన్లు ఉమ్మడిగా అక్కడ శానటోరియం తెరిచాయి. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ దాన్ని నడిపారు. 1915లో అది ఆరోగ్యవరానికి మారింది. క్షయకు స్ట్రెప్టోమైసిన్ మందు రాకముందు అక్కడి వైద్యంలో ప్రధానమైనవి పొడిగాలి, విశ్రాంతి, పుష్టికరమైన తిండి. ప్రధానంగా ఊపిరితిత్తుల క్షయకే వెలిసిన ఆసుపత్రి అయినా, దాని పని గోడల మధ్యే ఆగలేదు. 1950 నుంచి అక్కడి వైద్యుడు యోహానెస్ ఫ్రిమాట్ మోలర్ బృందం చుట్టుపక్కల పల్లెల్లో క్షయ రాకుండా వేసే బి.సి.జి. టీకా ప్రభావాన్ని ఏళ్ల తరబడి పరిశీలించింది. ఆ ఫలితాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రిక 1964లో ప్రచురించింది.

నేడు పుంగనూరులోనైనా కుప్పంలోనైనా పుట్టిన బిడ్డకు సర్కారు బి.సి.జి. ఉచితంగా వేస్తుంది. తట్టు, రూబెల్లా టీకా కూడా అంతే. గవదల టీకాకు జాతీయ పట్టికలో చోటు లేదు. కావాలంటే తల్లిదండ్రులు ప్రైవేటు డాక్టరు దగ్గర డబ్బు పెట్టి వేయించుకోవాలి.