వైమార్‌లో ఖాళీ పెట్టె

జర్మనీకి వచ్చిన చుట్టాలకు రైన్ నది, కొలోన్ చర్చి చూపించడం మనందరికీ అలవాటే. ఆమధ్య ఒక వేసవిలో మేము మాత్రం పిల్లలతో వైమార్ వెళ్ళి రోజంతా సమాధులు చూసి వచ్చాం. "సెలవు రోజున వల్లకాడికా?" అని మా ఆవిడ ముందే సణిగింది.

ముందు యాకోబ్ చర్చి ఆవరణలోని పాత శ్మశానానికి వెళ్ళాం. మహాకవి షిల్లర్ 1805 మే 9న, నలభై ఐదేళ్ళకే పోయాడు. సొంత సమాధి లేని పెద్దమనుషుల కోసం ఖజానావారు ఉంచిన నేలమాళిగలో ఆయన్ను రాత్రిపూట దింపారు. ప్రాణమిత్రుడు గోథే అనారోగ్యం వల్ల రాలేదు. ఆ మాళిగలో పెట్టె మీద పెట్టె చేరి, కుళ్ళి, ఎముకలు కలిసిపోయాయి. 1826లో మేయరు ష్వాబె అందులోంచి 23 కపాలాలు పైకి తీయించి, అన్నిటికంటే పెద్దది షిల్లర్‌దే అని నిశ్చయించాడు! తల పెద్దదైతే బుద్ధి పెద్దదని నమ్మిన రోజులవి. గోథే ఆ కపాలాన్ని కొన్నాళ్ళు తన ఇంట్లోనే ఉంచుకున్నాడు. శకుంతలను జర్మన్ అనువాదంలో చదివి మురిసిపోయిన గోథే ఈయనే. మన వీరేశలింగంగారు తెలుగు చేసిన ఆ నాటకంలో గుర్తుపట్టడానికి ఉంగరమైనా ఉంది. పాపం, ఇక్కడ అదీ లేదు.

మధ్యాహ్నం హిస్టారిక్ శ్మశానానికి నడిచాం. అక్కడ రాజవంశం కోసం 1820లలో కూద్రే కట్టిన మంటపం కింద రాజుల మాళిగ ఉంది. షిల్లర్‌వనుకున్న ఎముకలను 1827లో అక్కడికి చేర్చారు. 1832లో గోథే వచ్చి పక్కన చేరాడు. 1911లో ఫ్రోరీప్ అనే శరీరశాస్త్రజ్ఞుడు మళ్ళీ తవ్వి, అసలు కపాలం ఇదీ అని ఇంకొకటి తీశాడు. ఒకే మనిషికి రెండు తలలు! చివరికి బంధువుల సమాధులు తెరిచి డి.ఎన్.ఎ. పోల్చి చూస్తే, రెండూ ఆయనవి కావని 2008లో తేలింది. గోథే పక్కన షిల్లర్ పేరున్న పెట్టె అప్పటినుంచీ ఖాళీగానే ఉంది. డాక్టర్ని గనక పరీక్ష చేయడం నాకు నచ్చింది. నిజం తేలాక మరొకరి ఎముకల్ని అక్కడ ఉంచకపోవడం ఇంకా నచ్చింది.

"లోపల ఎవరూ లేనప్పుడు పేరెందుకు నాన్నా?" అంది మా అమ్మాయి. ఏం చెప్పను? గోదావరిలో కలిపిన మా నాన్నగారికి ఎక్కడా పెట్టె లేదు, ఫలకం లేదు.

మా ఆవిడ మాత్రం మరియా పావ్లోవ్నా దగ్గర ఆగిపోయింది. రష్యా చక్రవర్తి కూతురు, 1804లో వైమార్‌కు కోడలిగా వచ్చింది. 1859లో పోయేదాకా తన మతం వదల్లేదు. మాళిగను ఆనుకుని ఆమె కోసం రష్యన్ గుడి కట్టారు, పునాదిలోకి రష్యా మట్టి తెప్పించి. మధ్య గోడకు దారి పెట్టి, ఆమె పెట్టె తన గుడి కిందా భర్త పక్కనా ఉండేట్టు చూశారు.

ఇరవై ఏళ్ళ క్రితం నా వెంట ఈ దేశం వచ్చిన మా ఆవిడ, మెట్లెక్కుతూ మెల్లగా అడిగింది: "మా అమలాపురం మట్టి ఒక గుప్పెడు తెచ్చుకోవాలంటే కస్టమ్స్‌వాళ్ళు ఒప్పుకుంటారాండీ?"