ఆర్తుని చనువు: కృష్ణాతీరమున ఆపత్కాల ప్రార్థన

భగవద్గీత సప్తమాధ్యాయమున భక్తులను ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని యని నాలుగు తెరగుల విభజించి జ్ఞానికి అగ్రపీఠమిచ్చుటవలన, ఆపద వచ్చినపుడే దేవుని తలచువాని భక్తి కొంత తక్కువ రకమన్న అభిప్రాయము మన పండితులలో పాతుకొనిపోయినది. కృష్ణాతీరపు శతకవాఙ్మయమును, ఇచ్చటి క్షేత్రాచారములను దగ్గరగా పరిశీలించినచో ఈ తారతమ్యము నిలువదు. ఇచ్చటి ఆర్తుడు చేయిచాచి ఊరకుండువాడు కాడు. దేవుని నిలదీయువాడు, మాట ఇచ్చి మాట పుచ్చుకొనువాడు.

ఈ నేలకు ఆర్తి కొత్తది కాదు. 1855లో బెజవాడకడ ఆనకట్ట పూర్తియగువరకు మెట్టచేల బ్రతుకు వానదేవుని దయమీదనే నడచినది; వానలకై విరాటపర్వము పారాయణము చేయించుట తెలుగునాట ప్రసిద్ధమైన ఆచారమే. కాలువలు వచ్చి నీటికొరత తగ్గినను సముద్రము మాత్రము లొంగలేదు. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది, 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిపెట్టిన ఉప్పెనలో పదివేలకు తక్కువకాని ప్రజలు మృతినొందిరి.

ఆ దివిసీమ ప్రాంతమువాడే, దేవరకోట సంస్థానమును ఆశ్రయించిన కాసుల పురుషోత్తమకవి. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో విజయవాటికను దాటి వచ్చి, హరివాసరమున ఉపవసించి, స్వప్నమున ఆముక్తమాల్యద రచింపుమన్న ఆదేశము పొందిన శ్రీకాకుళాంధ్రదేవుని సన్నిధియే ఈ కవికిని శరణ్యము. కాని రాయలకు ప్రసన్నుడై కనిపించిన దేవుడు పురుషోత్తముని నాటికి ధూపదీపములకే కరవుపడి యుండెనని ప్రతీతి. అట్టి స్వామిని కవి ఏమని వేడవలెను? వేడలేదు, దెప్పిపొడిచెను. ఆంధ్రనాయక శతకములోని సీసములలో నొకదాని భావమును చూడుడు: భూభారమును మోయునది నీ భార్యయైన భూదేవి, కోరిన సిరులిచ్చునది మరియొక భార్యయైన లక్ష్మి, సృష్టి చేయువాడు కొడుకు, పాపములు కడుగునది కూతురైన గంగ, ఇక నీ సొంత ఘనత యేమున్నది? ఇంటి పెద్దను బంధువులు పదిమందిలో ఆడిపోసుకొనినట్లున్న ఈ ధోరణిని ఆలంకారికులు నిందాస్తుతి యని పేరుపెట్టి వ్యాజస్తుతి లక్షణములలో ఇమిడ్చి ఊరకుందురు. నా దృష్టిలో అది చమత్కారమునకు మాత్రమే చాలిన వివరణ. దండయాత్రల భయములో సింహాచలేశుని గద్దించిన గోగులపాటి కూర్మనాథకవిని పక్కన నిలిపి చూచినచో, ఈ నిష్ఠురమునకు మూలము చమత్కారము కాదనియు, అడుగుటకు తనకు హక్కు కలదన్న భక్తుని ధీమాయే యనియు తేటపడును. పోతన గజేంద్రుడు సైతము మొరపెట్టుచునే, ఆ దేవుడు అసలు ఉన్నాడో లేడో యని శంకించెను. ఆ శంక అతని మొరకు అడ్డురాలేదు.

కవులకు నిష్ఠురమెట్టిదో సామాన్యులకు మొక్కు అట్టిది. బిడ్డకు జ్వరము తగ్గని రాత్రి ఇల్లాలు పసుపుగుడ్డలో ఒక రూపాయి ముడుపుగట్టి దేవునిమూల నుంచును. గండము గడచినపిదప ఆ ముడుపు బెజవాడ ఇంద్రకీలాద్రిపై కనకదుర్గమ్మ హుండీని చేరును. తలనీలాలు మొక్కినవారు కొండదిగువన వానిని సమర్పింతురు. కొందరు ఎఱ్ఱని వస్త్రములు దాల్చి మండలము భవానీదీక్ష వహించి, ఇరుముడితో గిరిప్రదక్షిణము చేసి దీక్ష విరమింతురు.

అదే పట్టణమున గుణదలకొండపై, 1924లో ఆర్లాటి గురువు లూర్దుమాత ప్రతిమను ప్రతిష్ఠించిన స్థలమున, ఫిబ్రవరి 11తో ముగియు తిరునాళ్లలోను మొక్కుల తీరు ఇంచుమించు ఇదియే. కొవ్వొత్తులతోపాటు కొబ్బరికాయలు, తలనీలాలు. కొండనెక్కి సిలువకడ మోకరిల్లువారిలో క్రైస్తవేతరులును కలరు. మతాచార్యులు దీనిని సంకరమందురేమో గాని, మొక్కుకొన్నవారికి ఆ చింత లేదు. మాట ఇచ్చిన చోట మాట చెల్లించుటయే వారి పని.

ఇచ్చట పరిశోధకుడు గమనింపవలసిన కాలభేదమొకటి కలదు. మొక్కు పుట్టునది ఇంటిలో, ఎవరును చూడని వేళ; తీరునది నెలలకో ఏండ్లకో, తిరునాళ్లలో. కనుక దసరాకు బారులుతీరిన జనమును, ఫిబ్రవరిలో గుణదలమెట్లపై క్రిక్కిరిసిన జనమును చూపి ఈ ప్రాంతపు ఆర్తిని కొలువబూనుట సరికాదు. అక్కడ మనకు కనిపించునది చాలవరకు తీరిన ఆర్తియే. తీరనివారిలో కొందరు అసలు రారు, కొందరు మొక్కును పెంచి మరియొక కొండకు పోవుదురు.