మియాపూర్ లింక్ డాక్యుమెంట్లు

మా ఓనరాంటీ అద్దె మూడు వేలు పెంచుతానన్న రోజు రాత్రే నాన్న ఫోన్ చేశాడు. ఊళ్ళో అరెకరం అమ్మేద్దాం, మియాపూర్‌లోనే ఓ టూ బీహెచ్‌కే తీసుకో, "మెట్రో ఉందిగా" అన్నాడు. చూసిన ఫ్లాట్ నచ్చింది కూడా. కాగితాలు చూడమని ఇచ్చిన లాయరుగారు మాత్రం రేటు గురించి ఒక్క మాట మాట్లాడకుండా, ముప్పై ఏళ్ళ ఈసీ, లింక్ డాక్యుమెంట్లు అడిగారు. ఆయన అడిగినవి వెతుకుతూ, అడగనివి కూడా చదవడం మొదలుపెట్టాను.

మియాపూర్ చాలాకాలం బొంబాయి రోడ్డు మీద దాటిపోయే ఊరే. అటు రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, ఇంకాస్త ముందుకెళితే పటాన్‌చెరులో 1972లో వచ్చిన ఇక్రిశాట్. ఆల్విన్ చౌరస్తా పేరు ఇప్పటికీ ఉంది కానీ, ఫ్రిజ్‌లు, వాచీలు, బస్సు బాడీలు చేసిన ఆల్విన్ కంపెనీ లేదు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక, మాదాపూర్‌లో కొనలేనివాళ్ళు కూకట్‌పల్లికి, అక్కడా కొనలేనివాళ్ళు ఇటు వచ్చారు. 2003లో హఫీజ్‌పేట మీదుగా ఎంఎంటీఎస్ నడిచింది. 2007లో శేరిలింగంపల్లి మున్సిపాలిటీ గ్రేటర్‌లో కలిసింది. ఇక్కడిదాకా మామూలు కథే.

అసలు కథ నాన్నన్న ఆ మెట్రోది. 2008లో టెండర్లు పిలిస్తే మేటాస్ నాయకత్వంలోని బృందం గెలిచింది. ఇలాంటి రైలు కట్టాలంటే ఎవరైనా ప్రభుత్వాన్ని డబ్బు అడుగుతారు. వీళ్ళు ఎదురు ఇస్తామన్నారు, ఒప్పందకాలం మొత్తం మీద రూ. 30,311 కోట్లు! ఢిల్లీ మెట్రో శ్రీధరన్ ఇందులో ఏదో ఉందని ప్రణాళికా సంఘానికి ఉత్తరం రాశారు. లైన్లను సొంత భూములవైపు పొడిగించుకుని లాభపడే ఆలోచన కావచ్చని ఆయన అనుమానం. రాష్ట్ర ప్రభుత్వానికి కోపం వచ్చింది.

ఆ డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ తన డబ్బుతో మేటాస్ కంపెనీలను కొంటానని ప్రకటించి, గంటల్లోనే వెనక్కి తగ్గింది. 2009 జనవరి 7న రామలింగరాజు ఒప్పుకోలు ఉత్తరం బయటికొచ్చింది. మియాపూర్ చౌరస్తాకు కొద్ది కిలోమీటర్ల దూరంలో, బాచుపల్లిలో మేటాస్ కడుతున్న హిల్ కౌంటీ ఆగిపోయింది. అప్పు చేసి కొనుక్కున్నవాళ్ళలో సాఫ్ట్‌వేర్ వాళ్ళు చాలామంది. సగం లేచిన ఇంటికి ఈఎంఐ కడుతూ, బయట అద్దె కడుతూ ఉండటం ఎలా ఉంటుందో ఊహించుకుంటేనే నాకు చెమట పట్టింది. జులైలో మెట్రో కాంట్రాక్టు రద్దయింది.

2010లో ఎల్ అండ్ టీకి వచ్చింది, కేంద్రం నుంచి రూ. 1,458 కోట్ల సాయంతో. దీని లెక్కలోనూ భూమి పెద్ద భాగమే. డిపోలు, స్టేషన్ల దగ్గర 269 ఎకరాలు, అందులో 185 లక్షల చదరపు అడుగులు కట్టుకోవచ్చు. ఆదాయంలో దాదాపు సగం టికెట్ల నుంచి కాక ఆ కట్టడాల నుంచే వస్తుందని అంచనా. మియాపూర్ డిపో అందులో ఒకటి. 2017 నవంబరు 28న ప్రధాని మియాపూర్‌లోనే రైలెక్కారు. ఆ అంచనా అనుకున్నట్టు ఫలించలేదు. 2025 సెప్టెంబరులో దాదాపు 13 వేల కోట్ల అప్పుతో సహా మెట్రోను రాష్ట్రమే తీసుకోవడానికి ఒప్పందం కుదిరింది. రైలు వల్ల చుట్టుపక్కల పెరిగిన రేట్లు మాత్రం బిల్డర్ల దగ్గర, మా ఓనరాంటీ దగ్గర ఉన్నాయి. ఆంటీ మంచిదే, పండక్కి పులిహోర పంపుతుంది.

రైలు మొదలవడానికి ఆరు నెలల ముందు, అదే 2017 మే నెలలో, కూకట్‌పల్లి సబ్‌రిజిస్ట్రార్ అరెస్టయ్యాడు. మియాపూర్‌లో దాదాపు ఏడు వందల ఎకరాల ప్రభుత్వ భూమి ప్రైవేటు పేర్ల మీద రిజిస్టరైందని కేసు. నగరం పడమటి శివార్లలో చాలా భూముల కథ పైగాలు, సర్ఫెఖాస్, జాగీర్ల దగ్గర మొదలవుతుంది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి కానీ వాటి కాగితాలు రద్దు కాలేదు. ఎక్కడో ఒక వారసుడు, ఒక జీపీఏ తేలుతూనే ఉంటాయి.

2024 జూన్‌లో సర్వే నంబర్లు 100, 101లోని భూమిలోకి దాదాపు రెండు వేలమంది వచ్చారు. పేదలకు జాగా ఇస్తున్నారని పుకారు. రాళ్ళు పడ్డాయి, 144 సెక్షన్ పెట్టారు. మా అపార్ట్‌మెంట్‌లో గిన్నెలు తోమే అక్క కూడా ఆ రోజు వెళ్ళిందట.

"అందరు పోతుండ్రంటే నేను గూడ పోయిన అన్నా. పొద్దంత ఎండల కూసున్నం. పోలీసోళ్ళు ఎల్లగొట్టిండ్రు."

ఆమెది వెనక సందులో రేకుల రూమ్. అద్దె పెరిగిన సంగతి చెప్తే నవ్వింది. "మీకు కిరాయి పెంచితే పక్క సందుకు పోతరు. మాకు పెంచితే బొల్లారం దిక్కు పోవాలె. ఆడికెల్లి ఈడ పనికెట్ల అస్త?"

జెంట్రిఫికేషన్ అనే మాటను రూత్ గ్లాస్ 1964లో లండన్ గురించి రాస్తూ వాడింది. అక్కడ కార్మికుల పాత ఇళ్ళలోకి మధ్యతరగతి దిగింది. మియాపూర్‌కు మధ్యతరగతి వచ్చేటప్పటికి ఖాళీ చేయించడానికి పెద్దగా పాత ఇళ్ళు లేవు, చేలు, చెరువులు, సర్వే నంబర్లు ఉన్నాయి. ఇళ్ళవాళ్ళను ఖాళీ చేయించడం ఇప్పుడు మొదలైంది, రేకుల రూముల నుంచి. ఆ అరెకరం తెచ్చి ఇక్కడ పెడితే అందులో నేనూ ఓ చెయ్యి వేసినట్టే. ఇది తెలిసినా కొనకుండా ఉండేవాణ్ణా అంటే, నమ్మకంగా చెప్పలేను.

లాయరుగారు పోయిన వారం కబురు చేశారు. లింకులు 1996 దాకా బాగానే ఉన్నాయి, దానికి ముందు ఒక డాక్యుమెంట్ దొరకడం లేదు. బ్యాంకు లోన్ ఇవ్వొచ్చు గానీ, ఆయనైతే తన పిల్లలకు కొననన్నారు. నాన్నకు ఫోన్ చేసి, అరెకరం ఇప్పుడే అమ్మొద్దన్నాను. ఎందుకో అరగంట చెప్పాను, మేటాస్ దగ్గర్నుంచి.

అంతా విని నాన్న, "సరేగానీ, ఆ మెట్రో పటాన్‌చెరు దాకా వేస్తారంట కదరా, అక్కడ రేట్లెలా ఉన్నాయి?" అన్నాడు.